పీబీసీ ఉన్నవాళ్లకి ఒక ప్రశ్న: రిపోర్టులు బాగున్నాయంటారు, మరి ఈ నీరసం, దురద ఎక్కడివి?

తెనాలి అక్క

అందరికీ నమస్కారం. నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. నాకు పీబీసీ (ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్) అని తేలింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, లివర్ లోపల ఉండే సన్న పైత్యనాళాలను మన రోగనిరోధక వ్యవస్థే మెల్లమెల్లగా దెబ్బతీసే జబ్బు ఇది. దీనికిచ్చే ఉడిలివ్ బిళ్లలు వేసుకుంటున్నాను. రక్తపరీక్షలో ఏఎల్‌పీ అనే ఎంజైము 480 నుంచి 160కి దిగింది. బిలిరుబిన్ మొదటినుంచీ నార్మలే. డాక్టరుగారు ఫైలు చూసి "బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, ఆరు నెలల తర్వాత కనపడండి" అంటారు.

సంతోషమే. కానీ మూడో పీరియడ్ అయ్యేసరికి నా వల్ల కావడం లేదు. బోర్డు పైవరస దాకా చెయ్యెత్తి రాయలేను. పిల్లలకి మ్యాపు పాయింటింగ్ ఇచ్చేసి కుర్చీలో కూలబడతాను. ఇంటికొచ్చాక చెప్పుల స్టాండు పక్కనే అలా కూర్చుండిపోతాను, లేచి కాళ్లు కడుక్కునే ఓపిక ఉండదు. ఓ పూట పడుకుంటే పోయే నీరసం కాదిది. రాత్రయితే అరికాళ్లలో, అరచేతుల్లో దురద. పైకి దద్దుర్లుండవు, పొక్కులుండవు. గోళ్లు చాలక దువ్వెన పళ్లతో గోక్కుంటాను.

ఇదంతా చెబితే "లివర్ కంట్రోల్లోనే ఉంది కదా, మెనోపాజ్ వల్ల అయ్యుంటుంది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. సరే అని గైనిక్ దగ్గరికి వెళితే ఆవిడ "మీకు లివర్ ప్రాబ్లం ఉంది కదా, అక్కడే అడగండి" అని పంపేశారు.

రిపోర్టు బాగుంటే నీరసం, దురద ఉండకూడదని రూలేమైనా ఉందా? మీలో ఎవరికైనా ఇలాగే ఉందా?

కూకట్‌పల్లి కోడలు

అక్కా, చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. నాకు 34.

పాప కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో దురద మొదలైంది. "పొట్ట సాగుతోంది, అందరికీ ఉండేదే" అన్నారు. కాన్పయ్యాక తగ్గిపోవాలి కదా, తగ్గలేదు. స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే గజ్జి అన్నారు. ఇంటిల్లిపాదీ మెడ నుంచి కాళ్ల దాకా లోషన్ పూసుకుని పడుకోవాలన్నారు. మా అత్తగారి మొహం చూడాలి ఆ రాత్రి. దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టాం. అందరికీ అయింది, నా దురద అలాగే ఉంది. తర్వాత సిట్రిజిన్. దాంతో మర్నాడు ఆఫీసు కాల్‌లో నిద్ర ముంచుకొచ్చేది గానీ దురద పోయేది కాదు.

తర్వాత స్కానింగ్ తీయిస్తే "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని వచ్చింది. ఇక చూడండి, ఏం చెప్పినా ఫ్యాటీ లివరే. నూనె తగ్గించండి, వాకింగ్ చేయండి. ఐటీ అని తెలిస్తే చాలు, వెంటనే వర్క్ స్ట్రెస్ అంటారు. ఈ ఊళ్లో స్కానింగ్‌కి వెళ్లినవాళ్లలో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ లేనివాళ్లని నేనింకా చూడలేదు :)

చివరికి వేరే డాక్టరు ఏఎంఏ (పీబీసీని పట్టించే యాంటీబాడీ) టెస్టు రాస్తే పాజిటివ్ వచ్చింది.

ల్యాబ్ బాబాయ్

గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు, కాబట్టి నేను చెప్పేది రిపోర్టు కాగితం వరకే.

ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ రక్తపరీక్ష రిపోర్టు, చేతికి రాగానే అందరి కళ్లూ ముందు బిలిరుబిన్ మీదికి పోతాయి. అది 1 లోపు ఉంటే "కామెర్లు లేవు, లివర్ బాగుంది" అనేస్తారు. తర్వాత ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే లివర్ ఎంజైములు. ఆ రెండూ ఓ మోస్తరుగా ఉంటే ఫైలు మూసేస్తారు. ఏఎల్‌పీ కింద ఎక్కడో ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పీబీసీలో మొదట పెరిగేది అదే. బిలిరుబిన్ పెరిగేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

అయితే ఏఎల్‌పీ ఎముకల్లోంచి కూడా వస్తుంది. ఎదిగే పిల్లల్లో ఎక్కువుంటుంది, చివరి నెలల గర్భిణుల్లో ఎక్కువుంటుంది. డీ విటమిన్ బాగా తక్కువున్నా పెరుగుతుంది. అందుకే నడివయసు ఆడవాళ్లకి ఏఎల్‌పీ 200 చూస్తే క్యాల్షియం బిళ్లలు రాసి పంపేస్తుంటారు. పక్కన జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము టెస్టు చేయిస్తే సంగతి తేలిపోతుంది. రెండూ కలిసి పెరిగితే అది ఎముకది కాదు, లివర్ వైపు చూడాలి. జీజీటీ ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేస్తారు.

మీ పాత రిపోర్టులు పారేయకండి. తేదీ వారీగా ఏఎల్‌పీ ఒక్కటీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. విడివిడిగా చూస్తే "కొంచెమే ఎక్కువ", వరసగా చూస్తే తెలుస్తుంది.

డాలస్ సుధ

బాబాయ్ గారూ, మీరన్నది అక్షరాలా మా అమ్మ విషయంలో జరిగింది. అమ్మ ఖమ్మంలో ఉంటుంది. కనురెప్పల దగ్గర పసుపురంగు మచ్చల్లా వచ్చాయి. కొలెస్ట్రాల్ 310 ఉందని బిళ్లలు రాశారు. నోరు ఎండిపోయి ఇడ్లీ మింగాలన్నా పక్కన నీళ్లు పెట్టుకునేది. వయసు అన్నారు. నేను వెళ్లినప్పుడు పాత ఫైలు తిరగేస్తే ప్రతి రిపోర్టులోనూ ఏఎల్‌పీ పక్కన నక్షత్రం గుర్తుంది. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు.

ఇంకో సంగతి. అమ్మని అన్నయ్య తీసుకెళ్తాడు. డాక్టరు అన్నయ్య వైపు చూసే మాట్లాడతారు. "ఎలా ఉన్నారు?" అంటే అన్నయ్య "బాగానే ఉందండీ, కాస్త నీరసం అంటుంది" అంటాడు. అమ్మ కూడా డాక్టరు ముందు "ఏదో అలా ఉంటుందండీ, పర్లేదు" అంటుంది. ఇంటికొచ్చి వీడియో కాల్‌లో నాకు చెబుతుంది, రాత్రంతా అరికాళ్లు చల్లటి గచ్చుకి ఆనించి కూర్చున్నానని! ఆ మాట డాక్టరు చెవిన పడితేనే కదా ఆయనకి తెలిసేది.

వైజాగ్ మాస్టారు

మీరంతా ఆడవాళ్లు కాబట్టి మెనోపాజ్ అన్నారు. నేను మగవాణ్ణి. నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "ఎంత తాగుతారు?"

జీవితంలో చుక్క ముట్టలేదండీ. లేదు అంటే నమ్మరు. "మీరు చెప్పకపోతే మేం ట్రీట్‌మెంట్ ఎలా ఇస్తాం మాస్టారూ" అని ఓ చిరునవ్వు. మా ఆవిణ్ణి బయటికి పిలిచి విడిగా అడిగారు. పీబీసీ ఎక్కువగా ఆడవాళ్లకి వచ్చే జబ్బు కాబట్టి మగవాడికి ఆ టెస్టు రాయాలని చాలామందికి తట్టదు. నాకు తేలేటప్పటికే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్‌లో సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడిపోవడం) అంకెలు వచ్చాయి. ఈ జబ్బు పాత పేరులో సిరోసిస్ అనే మాట ఉండేది, 2015లో తీసేశారు, మంచి పని చేశారు. అయినా చుట్టాలకి లివర్ జబ్బు అంటే తాగుడే.

నీరసం సంగతా? నేను ట్యూషన్లు మానేశాను. అది చెబితే "రిటైరయ్యారు కదా, రెస్ట్ తీసుకోండి" అన్నారు. రెస్టుతో పోయేదైతే వాళ్ల దాకా ఎందుకు వెళ్తాను?

రాత్రి డ్యూటీ

గ్యాస్ట్రోలో సూపర్ స్పెషాలిటీ చేస్తున్న డాక్టర్ని. తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా.

ఓపీలో ఒక్కొక్కరికి మాకు దొరికేది నాలుగైదు నిమిషాలు. ఆ కాసేపట్లో మా బుర్రలో నడిచే లెక్క ఇది: రక్తపు వాంతులున్నాయా, కడుపులో నీరు చేరిందా, కళ్లు పచ్చబడ్డాయా, మతి తడబడుతోందా. ఇవేవీ లేకపోతే "బాగున్నారు" అంటాం. ప్రాణానికి ఇప్పట్లో ముప్పు లేదని మా ఉద్దేశం. పేషెంటుకి మాత్రం "నీకేమీ లేదు, ఊరికే చెబుతున్నావు" అని వినపడుతుంది. ఆ తేడాని మేం సరిదిద్దం. ఒప్పుకోవాల్సిందే.

తెనాలి అక్క గారి ప్రశ్నకి సూటిగా జవాబు: అలాంటి రూలేమీ లేదు. పీబీసీలో నీరసం జబ్బు ముదిరిన కొద్దీ పెరిగేది కాదు, ఏఎల్‌పీ దిగితే తగ్గేదీ కాదు. తొలిదశలో ఉన్నవాళ్లు మంచం దిగలేకపోవచ్చు, సిరోసిస్ ఉన్నాయన సైకిల్ తొక్కుకుంటూ రావచ్చు. ఉడిలివ్ లివర్‌ని కాపాడుతుంది, నీరసం మీద దాని ప్రభావం దాదాపు లేదు. లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్లలో కూడా నీరసం పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. దురద కూడా అంతే, బిలిరుబిన్ నార్మల్‌గా ఉన్నా నిద్ర లేకుండా చేయగలదు. యూరప్ లివర్ నిపుణుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ప్రతి పీబీసీ పేషెంటునీ దురద, నీరసం, కళ్లూ నోరూ ఎండిపోవడం గురించి అడిగి తీరాలని ఉంది.

కూకట్‌పల్లి కోడలు గారూ, గర్భంతో ఉన్నప్పుడు లివర్ వల్ల వచ్చే దురద సాధారణంగా కాన్పయ్యాక కొద్దివారాల్లో పోతుంది. పోకపోతే వెనక ఇంకేదో ఉందని వెతకాలి. మీ విషయంలో అక్కడే పట్టుకోవాల్సింది. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతో కూడా దురద పెరగొచ్చు, గైనిక్‌కి మీ జబ్బు సంగతి చెప్పి ఉంచండి.

వైజాగ్ మాస్టారు

డాక్టరు బాబూ, నాలుగు నిమిషాలు సరే. నా నాలుగు నిమిషాల్లో మూడు నేను తాగుతానా లేదా అన్నదానికే పోయాయి. టైమ్ లేకపోవడం వేరు, ఉన్న టైమ్‌లో ముందే ఒకటి అనుకుని కూర్చోవడం వేరు.

రాత్రి డ్యూటీ

దానికి నా దగ్గర సమాధానం లేదు మాస్టారూ. తాగుడు గురించి అడగాలి, అది మా డ్యూటీ. లేదన్నాక నమ్మి ముందుకు వెళ్లాలి.

మా తోటివాళ్లు చర్మం చూసి పట్టుకోగలిగే గుర్తు ఒకటుంది. గోకి గోకి ఒళ్లంతా నల్లబడి, వీపు మధ్యలో చెయ్యి అందని చోట మాత్రం చర్మం మామూలుగా ఉంటుంది. గజ్జిలో వేళ్ల సందుల్లో పొక్కులుంటాయి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటుంది. దద్దుర్లు లేకుండా, గీతలే ఉండి, రాత్రిపూట అరచేతుల్లో అరికాళ్లలో మొదలయ్యే దురదకి ఎల్‌ఎఫ్‌టీ రాయకుండా పంపకూడదు. ఏఎల్‌పీ ఎక్కువుండి ఏఎంఏ పాజిటివ్ అయితే చాలు, లివర్ ముక్క తీసి చూడాల్సిన అవసరం సాధారణంగా పడదు. పీబీసీ ఉన్న ప్రతి వందమందిలో దాదాపు 95 మందికి ఏఎంఏ పాజిటివ్ ఉంటుంది. 1965లో లండన్‌లో కనిపెట్టిన విషయమిది. ఇప్పటికీ ఆ టెస్టు రాయడానికి మనం ఆలోచిస్తూ కూర్చుంటున్నాం.

ప్రకృతి బాట

ఇంగ్లీషు మందులతో లివర్ ఇంకా పాడవుతుంది. మా ఊరి దగ్గర కామెర్లకి పసరు ఇస్తారు, ఎంతోమందికి నయమైంది. తిప్పతీగ రసం పరగడుపున తాగండి. ఇమ్యూనిటీ పెరిగితే అన్నీ సర్దుకుంటాయి.

ల్యాబ్ బాబాయ్

నాయనా, పసరుతో తగ్గిన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గే వైరల్ కామెర్లు. ఇది ఆ బాపతు కాదు.

రాత్రి డ్యూటీ

ఇమ్యూనిటీ తిరగబడ్డం వల్ల వచ్చిన జబ్బుకి ఇమ్యూనిటీ పెంచుతానంటే ఎలాగండీ? తిప్పతీగ వాడిన తర్వాత లివర్ దెబ్బతిన్న కేసుల గురించి 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాదన నడిచింది. కానీ ఇప్పటికే ఆటోఇమ్యూన్ లివర్ జబ్బు ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దని నా మాట.

మోడరేటర్

పసరు, తిప్పతీగ గురించి ఇంతటితో ఆపుదాం. ఇంకో మనవి: డాక్టర్ల పేర్లు, ఆసుపత్రుల పేర్లు రాయకండి. రెండు పోస్టుల్లో తీసేశాను.

లీడ్స్ నర్సు

మాది నెల్లూరు, ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నా. ఇక్కడేదో బాగుంటుందనుకోకండి. ఇక్కడి జీపీలు (ఫ్యామిలీ డాక్టర్లు) కూడా "ఊరికే అలసిపోతున్నా" అన్న పేషెంటుకి ముందు చెప్పేది స్ట్రెస్, డిప్రెషన్ అనే. కాకపోతే ఒక మంచి పని ఇక్కడ జరిగింది. న్యూకాజిల్‌లో పీబీసీ మీద పనిచేసేవాళ్లు పేషెంట్లతో మాట్లాడి వాళ్ల మాటల్లోంచే 40 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. పీబీసీ-40 అంటారు, 2005లో వచ్చింది. దురద వల్ల నిద్ర చెడిందా, మాట్లాడుతూ మాట మరిచిపోతున్నారా, నీరసం వల్ల ఫంక్షన్లకి వెళ్లడం మానేశారా, ఇలా ఉంటాయి. నీరసానికి విడిగా, దురదకి విడిగా, మతిమరుపుకి విడిగా మార్కులు వస్తాయి.

దాని గొప్ప ఏమిటంటే, కాగితం మీద అంకె వేసేసరికి డాక్టరు ఆగి చదువుతాడు. "చాలా నీరసంగా ఉందండీ" అంటే చెవిన పడదు.

నీరసానికి మందు కనిపెట్టాలని ఇక్కడ గట్టిగానే ప్రయత్నించారు. రోగనిరోధక వ్యవస్థను అణిచే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు, తేడా రాలేదు. నిద్ర పట్టకుండా మెలకువగా ఉంచే మొడాఫినిల్‌తో అమెరికాలో చూశారు, అదీ పనిచేయలేదు. నిజం చెబుతున్నా, దీనికి బిళ్ల లేదు. అలాగని వదిలేయకూడదు. థైరాయిడ్ చూపించండి, పీబీసీతో పాటు థైరాయిడ్ తగ్గడం తరచుగా కనపడుతుంది. హిమోగ్లోబిన్, ఐరన్, డీ విటమిన్, బీ12 చూపించండి. దురద వల్ల నిద్ర పోతోందంటే ముందు దురద సంగతి తేల్చండి, నీరసంలో సగం అక్కడే ఉండొచ్చు. బీపీకో, అలర్జీకో వాడే బిళ్లల వల్ల మత్తు వస్తోందేమో చూడండి. డిప్రెషన్ ఉంటే దానికి వైద్యం తీసుకోండి, అందులో సిగ్గు లేదు. ఇవన్నీ చూశాక కూడా మిగిలేది పీబీసీ నీరసం.

నేను చూసినవాళ్లలో నెగ్గుకొస్తున్నవాళ్లు పొద్దున్నే ఓపిక ఉన్నప్పుడు కష్టమైన పని ముగించేస్తారు, మధ్యాహ్నం తర్వాత పెట్టుకోరు. కొద్దికొద్దిగా నడక మానరు. పూర్తిగా మంచానికి అంటుకుపోతే కండ కరిగి ఇంకా కుంగిపోతారు.

కూకట్‌పల్లి కోడలు

డోసు గురించి ఎవరూ రాయలేదు, నేను చెబుతా. నాకు మొదట ఉడిలివ్ 300 రోజుకి రెండు రాశారు. ఏఎల్‌పీ దిగలేదు. "మీకు మందు పనిచేయడం లేదు, జబ్బు మొండిది" అన్నారు. నేను ఇంట్లో ఏడుపు. తర్వాతి డాక్టరు నన్ను వెయింగ్ మెషిన్ ఎక్కించి కాలిక్యులేటర్ తీశారు. కిలోకి 13 నుంచి 15 మిల్లీగ్రాములు ఉండాలట. నా బరువు 68. అంటే రోజుకి 900 నుంచి 1000 దాకా. నేను వేసుకుంటున్నది 600! మూడు చేశాక నాలుగు నెలల్లో ఏఎల్‌పీ దిగడం మొదలైంది. మందు పనిచేయలేదంటే ముందు బరువు చూసుకోండి.

రాత్రి డ్యూటీ

వందకి వంద మార్కులు. సరైన డోసు ఓ ఏడాది వాడాక ఏఎల్‌పీ నార్మల్ పైహద్దుకి ఒకటిన్నర రెట్లు దాటే ఉంటే అప్పుడు రెండో వరస మందుల గురించి మాట్లాడాలి. మన దగ్గర డాక్టర్లు కొలెస్ట్రాల్‌కి వాడే ఫైబ్రేట్లనే దీనికి కలుపుతున్నారు. ఫైబ్రేట్లతో దురద కూడా తగ్గుతుందని 2021లో నెదర్లాండ్స్, స్పెయిన్‌లలో జరిగిన పరీక్షలో తేలింది, అక్కడ వాడింది బెజాఫైబ్రేట్. సొంతంగా కొనుక్కుని వేసుకోకండి, కిడ్నీ, లివర్ చూస్తూ ఇవ్వాలి.

డాలస్ సుధ

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం: 2016లో వచ్చిన రెండో వరస మందు ఒబెటికోలిక్ యాసిడ్‌ని తయారీదారులు 2025లో ఇక్కడి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. యూరప్‌లో అంతకుముందే ఆపేశారు. దానివల్ల దురద ఇంకా పెరుగుతుందని చాలామంది వాపోయేవారు. 2024లో ఎలాఫిబ్రనార్, సెలడెల్పార్ అని రెండు కొత్తవి వచ్చాయి. రెండోదానితో దురద తగ్గినట్టు పరీక్షల్లో కనిపించింది. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, ఇన్సూరెన్స్ వాళ్లతో కుస్తీ పట్టాలి. అమ్మకి పంపిద్దామని అడిగితే డాక్టరు వద్దన్నారు, అక్కడ దొరికేవాటితో ముందు సరిగ్గా వైద్యం జరగనివ్వమన్నారు.

కరీంనగర్ చిన్నమ్మ

నాకు దురదకి రిఫాంపిసిన్ రాసిండ్రు. ఎందుకో చెప్పలే. మా చిన్నోడు ఫోన్‌లో కొట్టి చూసి "అమ్మా, ఇది టీబీ మందు" అన్నడు. పైగా మూత్రం ఎర్రగా వచ్చింది. ఇంట్లో గోల. నా గ్లాసు, కంచం వేరే పెట్టిండ్రు రెండు రోజులు. దవాఖానకి పోయి అడిగితే "మీకు చెప్పలేదా?" అన్నరు. ఎవరు చెప్తరు? దురద మాత్రం నిజంగా తగ్గింది, అది ఒప్పుకోవాలె.

రాత్రి డ్యూటీ

అయ్యో చిన్నమ్మా! అది టీబీకీ వాడతారు, పీబీసీ దురదకీ వాడతారు. మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజరంగుకి మారడం దాని మామూలు లక్షణమే. కానీ కొందరికి అదే లివర్‌ని దెబ్బతీస్తుంది, అందుకే మొదలుపెట్టిన కొద్ది వారాలకి ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయించాలి. చేయించారా? లేకపోతే ఈ వారమే చేయించండి. బీపీకి, షుగర్‌కి ఏవైనా బిళ్లలు వాడుతుంటే అవీ చెప్పండి, రిఫాంపిసిన్ చాలా మందుల బలాన్ని తగ్గిస్తుంది.

కరీంనగర్ చిన్నమ్మ

చేయించలే. షుగర్ బిళ్లలున్నయి. రేపే పోతా.

తెనాలి అక్క

అందరికీ థ్యాంక్స్. నిన్న వెళ్లొచ్చాను. బాబాయ్ గారు చెప్పినట్టు ఏఎల్‌పీలు వరసగా రాసుకున్నాను. వెనకవైపు నాలుగే లైన్లు రాశాను: మూడో పీరియడ్ తర్వాత నిలబడి పాఠం చెప్పలేను. రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా దురదతో మెలకువ. దురదకి పదికి ఎనిమిది మార్కులు. సంతకం పెట్టాల్సిన చోట ఏం రాయాలో ఒకసారి మరిచిపోయాను. మా వారు పక్కనే ఉన్నారు గానీ, ఈసారి మాట్లాడొద్దని ముందే చెప్పాను.

డాక్టరుగారు కాగితం రెండువైపులా చదివారు. "ఇంతుందని మీరు చెప్పలేదే" అన్నారు. చెప్పాను, మీరు మెనోపాజ్ అన్నారు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ టెస్టు రాశారు, ఎముకల బలం చూసే స్కాన్ రాశారు. థైరాయిడ్ రిపోర్టు ఇవాళ వచ్చింది, టీఎస్‌హెచ్ 9 ఉంది, అది పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టు. కాబట్టి నీరసంలో కొంత దానిదేనేమో చూడాలి. దురదకి కొలెస్టిరమిన్ పొడి రాశారు. పీబీసీ నీరసానికి మాత్రం తన దగ్గర మందు లేదని నేరుగా చెప్పేశారు. ఆ మాట మొదటే చెప్పుంటే నేను గైనిక్ చుట్టూ తిరిగేదాన్ని కాదు, అదే అన్నాను ఆయనతో. హెచ్చెమ్ గారికి ఇవ్వడానికి లెటర్ అడిగితే రాసిచ్చారు, మొదటి రెండు పీరియడ్లు, ఐదోది నాకు వేయమని. నాలుగో పీరియడ్‌లో కూర్చుంటాను.

మా చెల్లెలికి కూడా ఒకసారి ఏఎల్‌పీ చూపించమన్నారు.

వైజాగ్ మాస్టారు

హెచ్చెమ్‌కి లెటర్ రాయించడం భలే పని చేశారమ్మా. నేనూ ఆ స్కూళ్లలోంచి వచ్చినవాణ్ణే, కాగితం లేకపోతే అక్కడ ఎవరూ కదలరు.

నల్గొండ నుంచి

కొత్తగా చేరాను. అక్కా, ఆ పొడి నాకూ రాశారు. ఇసకలా ఉంది, నీళ్లలో కలిపినా గొంతు దిగడం లేదు. ఉడిలివ్‌తో కలిపి వేసుకోవచ్చా?

లీడ్స్ నర్సు

కలిపి వేసుకోకండి! ఆ పొడి పేగుల్లో ఉన్న ఏ మందునైనా పట్టేసుకుంటుంది, ఉడిలివ్ ఒంటికి పట్టదు. ఉడిలివ్‌కీ పొడికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ బిళ్ల ఉన్నవాళ్లకీ అదే, తెనాలి అక్కా మీరూ గుర్తుపెట్టుకోండి. రాత్రంతా పైత్యం పిత్తాశయంలో నిలవుంటుంది కాబట్టి పొడి టిఫిన్ టైమ్‌లో తీసుకుంటే బాగా పనిచేస్తుంది, ఉడిలివ్ రాత్రి భోజనంతో పెట్టుకోండి. పొడిని గ్లాసు నీళ్లలోగానీ పళ్లరసంలోగానీ వేసి ఓ పది నిమిషాలు నాననిచ్చి తాగితే ఇసక తగ్గుతుంది. మలబద్ధకం చేస్తుంది, నీళ్లు ఎక్కువ తాగండి.

నల్గొండ నుంచి

బత్తాయి రసంలో కలపొచ్చా?

లీడ్స్ నర్సు

కలపొచ్చు. షుగర్ ఉంటే నీళ్లే వాడండి.